శాంతిసేనలో ఆదేశం ఎవరిది?

శాంతిసేనకు జవాన్లను పంపే ఏ దేశమూ వాళ్లను పూర్తిగా మరొకరి చేతిలో పెట్టదు. ఐక్యరాజ్య సమితి కింద పంపినా, నాటో కింద పంపినా ఇదే పద్ధతి. జవానుకు జీతం, ప్రమోషన్ ఇచ్చేది సొంత దేశమే. తప్పు చేస్తే కోర్టు మార్షల్ చేసేదీ, అవసరమనుకున్న రోజున వెనక్కి పిలిపించుకునేదీ కూడా ఆ దేశమే. ఉమ్మడి సేనను నడిపే ఫోర్స్ కమాండర్‌కు దక్కేది ఆ అధికారంలో ఒక వాటా మాత్రమే. ఆ వాటా ఎంత, ఏ పనికి, ఏ ప్రాంతం వరకు, ఎంత కాలం అన్నది ముందే రాసుకున్న ఉమ్మడి సేనలు సవ్యంగా నడిచాయి. అది తేల్చుకోకుండా అందరూ ఒకే కమాండ్ కింద ఉన్నారని చెప్పుకున్నవి కాల్పులు మొదలైన గంటల్లోనే ఎవరి దారి వారివి అయ్యాయి.

సైనిక పరిభాషలో ఈ అధికారానికి అంచెలున్నాయి. పైన ఫుల్ కమాండ్, ఇది దేశం దగ్గరే ఉండిపోతుంది. దాని కింద ఆపరేషనల్ కమాండ్, ఆపరేషనల్ కంట్రోల్, ఇంకా కింద టాక్టికల్ కమాండ్, టాక్టికల్ కంట్రోల్. ఉమ్మడి సేనల్లో సాధారణంగా చేతులు మారేది ఆపరేషనల్ కంట్రోల్. నాటో నిర్వచనం ప్రకారం ఇది వచ్చిన కమాండర్ ఒక బెటాలియన్‌ను ఫలానా పనికి, ఫలానా చోట, ఫలానా గడువులోపు వాడుకోవచ్చు. కానీ ఆ బెటాలియన్‌ను విడగొట్టి ఒక కంపెనీని ఒక పనికి, మరో కంపెనీని వేరే పనికి పెట్టే హక్కు ఇందులో రాదు. రేషన్లు, విడిభాగాలు, పరిపాలన కూడా రావు. బయటి నుంచి చూసేవారికి ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. సెక్టార్‌లో, అంటే ఒక దళానికి అప్పగించిన ప్రాంతంలో, రెండు ఊళ్లలో ఒకేసారి గొడవ మొదలైతే మాత్రం కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

సమితిలో పేర్లు వేరు, సారం అదే. భద్రతా మండలి తీర్మానం చేస్తుంది, ప్రధాన కార్యదర్శి దాన్ని అమలు చేస్తారు, క్షేత్రంలో ఆయన ప్రత్యేక ప్రతినిధి మొత్తం మిషన్‌కు అధిపతి. ఫోర్స్ కమాండర్ ఆ ప్రతినిధి కింద పనిచేస్తారు. సైన్యాన్ని పంపే దేశాలు సమితితో అవగాహన ఒప్పందం మీద సంతకం చేస్తాయి. ఎంతమంది వస్తారు, ఎన్ని వాహనాలు, ఎవరు మరమ్మతు చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. వాహనాలను ఆ దేశమే నడిపి బాగు చేసుకునే పద్ధతిని వెట్ లీజు అంటారు, మరమ్మతు బాధ్యత సమితి తీసుకుంటే డ్రై లీజు. జవానుకు నెలకు ఇంత అని సమితి ఆ దేశానికి చెల్లిస్తుంది, 2018 జులైలో ఆ మొత్తం 1,428 డాలర్లు ఉండేది, తర్వాత పెరిగింది. క్షేత్రంలో ఉన్న కంటింజెంట్లు, అంటే ఒక్కో దేశం పంపిన దళాలు, సైనిక చర్యల విషయంలో తమ రాజధానుల నుంచి ఆదేశాలు తీసుకోకూడదన్నది సమితి నియమం. ఆచరణలో ప్రతి కంటింజెంట్ కమాండర్ టేబుల్ మీదా రాజధానికి నేరుగా వెళ్లే ఫోన్ ఒకటి ఉంటుంది. ప్రమాదం ఎంత పెద్దదైతే ఆ ఫోన్ అంత త్వరగా మోగుతుంది. దీన్ని క్రమశిక్షణ లేకపోవడంగా కొట్టిపారేయడం తేలిక. కానీ శవపేటిక వచ్చేది న్యూఢిల్లీకో, ద హేగ్‌కో, అడిస్ అబాబాకో. పార్లమెంటులో జవాబు చెప్పుకోవాల్సింది అక్కడి మంత్రే. ఆ బాధ్యత ఉన్నంతకాలం ఆ ఫోన్ మోగక తప్పదు. ఫోర్స్ కమాండర్ దాన్ని లెక్కలో పెట్టుకునే ప్రణాళిక వేసుకోవాలి.

అధికారాన్ని పంచుకోవడంలో అతి ఘోరంగా విఫలమైన నమూనా 1990ల యుద్ధం నాటి బోస్నాలోని 'రెండు తాళాల' ఏర్పాటు. నేల మీద సమితి దళం అన్‌ప్రోఫర్, ఆకాశంలో నాటో విమానాలు. రక్షిత ప్రాంతాల కోసం బలప్రయోగాన్ని అనుమతించిన 1993 జూన్ నాటి 836వ తీర్మానం తర్వాత, బాంబు వేయాలంటే రెండు సంస్థలూ ఒప్పుకోవాలని నిర్ణయించారు. సమితి వైపు తాళం ప్రత్యేక ప్రతినిధి యాసుషి అకాషి దగ్గర, నాటో వైపు తాళం నేపుల్స్‌లోని దక్షిణ విభాగ కమాండర్ దగ్గర. నేల మీది బెటాలియన్ విమానం కావాలంటే ఆ అభ్యర్థన తూజ్లాలోని సెక్టార్‌కు వెళ్లాలి, అక్కడి నుంచి సరాయెవోకు, సరాయెవో నుంచి జాగ్రెబ్‌కు, అక్కడ ఫోర్స్ కమాండర్, ఆపైన అకాషి. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరికి కాదనే హక్కు ఉంది. పూర్తిగా ఔననే హక్కు ఒక్కరికీ లేదు.

1995 జులై 11న, ఆ రక్షిత ప్రాంతాల్లో ఒకటైన స్రెబ్రెనిత్సా పట్టణంలో ఏం జరిగిందో చూస్తే లోపం కళ్లకు కడుతుంది. ముందు రాత్రి జాగ్రెబ్‌లో ఫోర్స్ కమాండర్ బెర్నార్ జన్వియే సమావేశం పెట్టి, ఆ రాత్రికి విమానాలు వద్దన్నారు. తెల్లవారితే భారీ వైమానిక దాడులు జరుగుతాయని స్రెబ్రెనిత్సాలోని డచ్ బెటాలియన్ నమ్మింది. పై కార్యాలయాలు మాత్రం విమానాలు సిద్ధంగా ఉంటాయని, నేల మీద నుంచి అభ్యర్థన వస్తే పంపుతామని అనుకున్నాయి. ఉదయం 6 గంటల నుంచి విమానాలు ఏడ్రియాటిక్ సముద్రం మీద తిరుగుతూనే ఉన్నాయి. రెండు వైపులా ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తుండగా ఇంధనం అయిపోయి, 11:30 ప్రాంతంలో అవి ఇటలీకి తిరిగి వెళ్లిపోయాయి. మధ్యాహ్నం అనుమతి వచ్చింది. 2:40 ప్రాంతంలో రెండు డచ్ ఎఫ్-16లు బాంబులు వేశాయి. అప్పటికే సెర్బు సేనలు పట్టణంలోకి వచ్చేశాయి. తర్వాతి రోజుల్లో 8,000 మందికి పైగా పురుషులను, బాలురను చంపేశారు. ఇక్కడ ధైర్యం ఎవరికి తక్కువైందన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. అయితే ఒక్క మాట 'వైమానిక దాడి' (విస్తృతంగా లక్ష్యాలను కొట్టడం), 'దగ్గరి వైమానిక సాయం' (నేల మీది దళం అడిగినప్పుడు దాన్ని కాచేందుకు వేసే బాంబులు) అనే రెండు వేర్వేరు చర్యల మధ్య నలిగిపోయి, కింద ఒక అర్థంతోనూ పైన మరో అర్థంతోనూ ఒకే సేనలో చలామణి అయిందంటే, అది ముందుగా ఏర్పాటులో ఉన్న తప్పు.

అదే తాళాలను తర్వాతి వారాల్లో ఎలా సరిచేశారన్నది అంతకంటే ముఖ్యం. జులై 21న లండన్ సమావేశం తర్వాత, 26న సమితి వైపు తాళం పౌర ప్రతినిధి చేతి నుంచి సైనిక కమాండర్ జన్వియే చేతికి మారింది. నాటో వైపు తాళం అడ్మిరల్ లైటన్ స్మిత్ దగ్గరే. మధ్యలోని మెట్లు పోయి, ఇద్దరు సైనికాధికారులు మిగిలారు. ఆగస్టు 28న సరాయెవోలోని మార్కలే మార్కెట్ మీద షెల్ పడినప్పుడు జన్వియే సెలవులో ఉన్నారు, తాళం సరాయెవోలోని జనరల్ రూపర్ట్ స్మిత్ దగ్గరుంది. ఆయన వెంటనే తిప్పలేదు. మరో రక్షిత ప్రాంతం గొరాజ్దెలో ఉన్న బ్రిటిష్ జవాన్లు ఆ రాత్రి సెర్బుల ప్రాంతం దాటి బయటపడేదాకా ఆగారు. మే నెలలో బోస్నా సెర్బుల కేంద్రం పాలెలోని ఆయుధాగారాల మీద బాంబులు పడగానే 300 మందికి పైగా సమితి సిబ్బందిని సెర్బులు బందీలుగా పట్టుకున్న సంగతి ఆయనకు బాగా గుర్తుంది. బందీలుగా చిక్కే వాళ్లెవరూ మిగలకుండా చూసుకున్నాకే ఆగస్టు 30న దాడులు మొదలయ్యాయి. తాళాలు అప్పుడూ రెండే. పట్టుకున్న చేతులు మారాయి, వాటి మధ్య దూరం తగ్గింది.

ఆ ఏడాది చివర్లో యుద్ధం ముగిశాక బోస్నాలో నాటో నాయకత్వాన శాంతిసేన ఐఫోర్ దిగింది. దాదాపు 60,000 మంది, మూడు డివిజన్లు. ఉత్తరాన అమెరికా, నైరుతిలో బ్రిటన్, ఆగ్నేయంలో ఫ్రాన్స్. దీనిలోకి రష్యాను ఎలా తేవాలన్నది చిక్కుముడి. నాటో కింద తమ సైన్యం పనిచేయదని రక్షణ మంత్రి పావెల్ గ్రచెవ్ తెగేసి చెప్పారు. కమాండ్ ఒక్కటిగానే ఉండాలని అమెరికా రక్షణ మంత్రి విలియం పెర్రీ పట్టుబట్టారు. 1995 నవంబర్‌లో కుదిరిన పరిష్కారం ఉమ్మడి సేనల చరిత్రలో అన్నిటికంటే తెలివైన ఏర్పాటు అనిపిస్తుంది. జనరల్ జార్జ్ జూల్వాన్‌కు రెండు పదవులున్నాయి, ఆయన నాటో సుప్రీం కమాండరూ, ఐరోపాలోని అమెరికా సేనల అధిపతీ. రష్యా జనరల్ లియోంతి షెవ్‌త్సోవ్‌ను బెల్జియంలోని మోన్స్‌లో ఉన్న నాటో సైనిక ప్రధాన కార్యాలయంలో, రష్యన్ దళాల విషయంలో జూల్వాన్‌కు డిప్యూటీగా కూర్చోబెట్టారు. బోస్నాలోని రష్యన్ బ్రిగేడ్‌కు ఆదేశాలు షెవ్‌త్సోవ్ ద్వారా వెళ్తాయి. రోజువారీ గస్తీ, చెక్‌పోస్టులు, కాన్వాయ్‌ల విషయంలో టాక్టికల్ కంట్రోల్ తూజ్లాలోని అమెరికా డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ విలియం నాష్‌ది. మాస్కో తన జనరల్ నుంచే ఆదేశం వచ్చిందని చెప్పుకోగలిగింది. వాషింగ్టన్ నేల మీద కమాండ్ ఒక్కటేనని చెప్పుకోగలిగింది. రెండూ నిజమే.

ఇది కాగితం మీద అందంగా ఉన్నందుకు పనిచేయలేదు. ఉగ్లెవిక్‌లోని రష్యన్ బ్రిగేడ్ కార్యాలయంలో అమెరికా లైజాన్ (సమన్వయ) బృందం తన రేడియోలతో, దుబాసీలతో కూర్చుంది. రెండు సైన్యాల రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడవు కాబట్టి, ఆదేశం అటు నుంచి ఇటు దాటే ప్రతిసారీ ఒక మనిషి అవసరం. అమెరికన్లు, రష్యన్లు కలిసి గస్తీ తిరిగారు. నాష్‌కు నచ్చని పని ఏదైనా రష్యన్ బ్రిగేడ్ కమాండర్ చేస్తే, దాన్ని మోన్స్ దాకా తీసుకెళ్లే దారి ఎవరికీ అవమానం కలగని రీతిలో ముందే ఉంది. వివాదం పెరగడానికి ముందే పైకి చేరే మెట్లు ఉండటం, అవి ఎక్కడం తప్పుగా కనిపించకపోవడం, ఈ రెండే ఆ ఏర్పాటును నిలబెట్టాయి.

అంత మంచి ఏర్పాటుకు కూడా హద్దు ఉందని 1999లో తేలింది. కొసోవో యుద్ధం ముగిసి నాటో దళం అక్కడికి వెళ్లబోతుండగా, జూన్ 11న బోస్నాలోని ఆ బ్రిగేడ్ నుంచే సుమారు 200 మంది జవాన్లు బయల్దేరి, వాహనాల మీద ఎస్‌ఫోర్ (ఐఫోర్ తర్వాతి బోస్నా దళం) అన్న అక్షరాలను కేఫోర్ (కొసోవో దళం) అని మార్చుకుని, సెర్బియా మీదుగా వెళ్లి కొసోవోలోని ప్రిస్టినా విమానాశ్రయాన్ని నాటో కంటే ముందే ఆక్రమించారు. బోస్నాలో ఎవరి కంట్రోల్‌లో ఉన్నారో ఆ కమాండర్‌ను అడగలేదు. ఫుల్ కమాండ్ మాస్కోది, మాస్కో పిలిచింది, వాళ్లు వెళ్లారు. అప్పటి సుప్రీం కమాండర్ వెస్లీ క్లార్క్ రన్‌వేను అడ్డగించమని కేఫోర్ కమాండర్, బ్రిటిష్ జనరల్ మైక్ జాక్సన్‌కు ఆదేశించారు. మీ కోసం మూడో ప్రపంచ యుద్ధం మొదలుపెట్టనని జాక్సన్ నిరాకరించి, లండన్‌ను సంప్రదించారు. లండన్ ఆయన వైపే నిలిచింది. రష్యా అదే హక్కును వాడుకుని మిత్రపక్షాలకు తలనొప్పి తెచ్చింది, బ్రిటన్ అదే హక్కును వాడుకుని పెద్ద ప్రమాదాన్ని తప్పించింది. కాబట్టి దేశాల దగ్గర మిగిలే ఫుల్ కమాండ్‌ను ఒక లోపంగా మాత్రమే చూడలేం. అదనపు రష్యన్ విమానాలకు హంగరీ, రొమేనియా, బల్గేరియా గగనతలం ఇవ్వలేదు. జూన్ 18న హెల్సింకీలో ఒప్పందం కుదిరి, రష్యాకు సొంత సెక్టార్ లేకుండా అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ సెక్టార్లలో చోటిచ్చారు. ఒక దేశానికి సొంత సెక్టార్ ఇస్తే అది ఆ దేశ ప్రభావ ప్రాంతంగా మారిపోతుందన్న భయమే దీనికి కారణం.

భారతీయ పాఠకులకు దగ్గరి ఉదాహరణ సియెర్రా లియోన్. 1999 అక్టోబర్‌లో ఏర్పడిన సమితి దళం అనామ్‌సిల్‌కు మేజర్ జనరల్ విజయ్ కుమార్ జెట్లీ ఫోర్స్ కమాండర్. అప్పటికే ఆ దేశంలో నైజీరియా నాయకత్వంలోని పశ్చిమాఫ్రికా దళం ఏళ్లుగా పోరాడుతోంది, నైజీరియన్ బెటాలియన్లలో కొన్ని అలాగే సమితి దళంలో కలిసిపోయాయి. డిప్యూటీ ఫోర్స్ కమాండర్, ప్రత్యేక ప్రతినిధి ఇద్దరూ నైజీరియన్లే. తిరుగుబాటు సంస్థ ఆర్‌యూఎఫ్ పట్ల ఎలా వ్యవహరించాలన్న దాని మీద ఇటూ అటూ ఒక్క అభిప్రాయం లేదు. 2000 మే తొలి వారంలో ఆర్‌యూఎఫ్ దాదాపు 500 మంది శాంతి సైనికులను పట్టుకుంది. వారిలో ఎక్కువమంది జాంబియా బెటాలియన్ వాళ్లు. కైలాహున్‌లో గూర్ఖా రైఫిల్స్ 5/8 బెటాలియన్‌కు చెందిన భారతీయ జవాన్లు ఆయుధాలు అప్పగించకుండా రెండున్నర నెలలు ముట్టడిలో నిలిచారు.

జులై 15, 16 తేదీల్లో వాళ్లను విడిపించిన ఆపరేషన్ ఖుక్రీని మన దగ్గర వీరగాథగానే చెబుతారు, అది సమంజసమే. కమాండ్ కోణంలో చూస్తే మరో విషయం బయటపడుతుంది. అది సాధ్యమైంది ప్రధానంగా పదాతి దళం, మెకనైజ్డ్ దళం, పారా కమాండోలు, మి-8, మి-35 హెలికాప్టర్లు భారత్‌వే కావడం వల్ల. కమాండర్ భారతీయుడు, అంటే సమితి అధికారానికి తోడు సొంత దేశపు మాట కూడా ఆయనకు ఉంది. బ్రిటన్ రెండు చినూక్ హెలికాప్టర్లు ఇచ్చింది, ఘనా, నైజీరియా బెటాలియన్లు తమ వంతు పని చేశాయి. ఇతర దేశాలకు ఇచ్చిన పనులు వాటి హద్దులకు లోబడి ఉండేలా, అతి ప్రమాదకరమైన భాగం ఒకే దేశపు దళాల మీద పడేలా ప్రణాళిక గీశారు. ఉమ్మడి సేనలో కష్టమైన దాడి చేయాల్సి వచ్చినప్పుడు ఇదే సరైన పద్ధతి. నాలుగు జెండాలను దాడి అంచుకు తేవడం ఫొటోలకు బాగుంటుంది, చీకట్లో రేడియో మీద అది నడవదు.

ఆ విజయం కమాండ్‌లోని పగుళ్లను పూడ్చలేదు. నైజీరియన్ అధికారుల మీద తీవ్ర ఆరోపణలతో జెట్లీ రాసిన అంతర్గత పత్రం సెప్టెంబర్‌లో పత్రికలకు పొక్కింది. నైజీరియా ఆయన కింద పనిచేయడానికి ఒప్పుకోలేదు. భారత్ తన సుమారు 3,000 మందినీ వెనక్కి పిలుస్తామని ప్రకటించింది, జోర్డాన్ కూడా తప్పుకుంది. కెన్యాకు చెందిన డేనియల్ ఒపాండే కొత్త కమాండర్‌గా వచ్చారు. వ్యక్తుల మధ్య గొడవగా దీన్ని చెప్పేవారున్నారు. కానీ అతిపెద్ద దళం ఇచ్చే ప్రాంతీయ శక్తి ఒకటి, కమాండ్ పదవి మరొకరిది, రాజకీయ నాయకత్వం మళ్లీ మొదటి దేశపు వ్యక్తిది అయినప్పుడు, ఆ కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టినా ఇదే ఒత్తిడి వస్తుంది.

ఇక దేశాలు పెట్టే షరతులు. వీటిని కేవియట్‌లు అంటారు. మా వాళ్లు రాత్రి గస్తీ తిరగరు, మా సెక్టార్ దాటరు, గుంపులను చెదరగొట్టరు, ఇలా. రాతపూర్వకంగా ఇచ్చినవి అంత ప్రమాదం కాదు, కమాండర్ వాటిని పటంలో గీసుకోగలరు. చెప్పకుండా దాచి, గొడవ రోజున బయటపెట్టేవే ప్రాణం తీస్తాయి. 2004 మార్చి 17, 18 తేదీల్లో కొసోవో అంతటా అల్లర్లు చెలరేగాయి. 19 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా ఇళ్లు వదిలారు, పదుల సంఖ్యలో చర్చిలు, మఠాలు తగలబడ్డాయి. అప్పుడు ఒక సెక్టార్ దళాన్ని మరో సెక్టార్‌కు తరలించడానికి కేఫోర్ కమాండర్‌కు అడుగడుగునా రాజధానుల అనుమతి అవసరమైంది. కొన్ని దళాలకు గుంపులను అదుపు చేసే పరికరాలే లేవు. ఆ తర్వాతే షరతుల మీద దేశాలతో కూర్చుని బేరం మొదలైంది. సెక్టార్ల నిర్మాణాన్ని కూడా మార్చి, సెక్టార్ హద్దు దాటి కదలగల టాస్క్‌ఫోర్స్‌లను ఏర్పాటు చేశారు.

దక్షిణ సుడాన్ రాజధాని జూబాలో 2016 జులైలో జరిగింది ఇంకా బాధాకరం. సమితి శిబిరంలో చైనా, ఇథియోపియా, నేపాల్, భారత్ దళాలు కలిపి 1,800 మందికి పైగా పదాతి సైనికులున్నారు. ప్రభుత్వ, ప్రతిపక్ష సేనల మధ్య పోరుతో పరిస్థితి చేయిదాటుతుండగా చైనా బెటాలియన్ కమాండర్‌నే నాలుగు దళాల మీదా ఇన్సిడెంట్ కమాండర్‌గా నియమించారు. తన బెటాలియన్ బాధ్యత తీసేయకుండానే ఈ అదనపు పని మీద వేశారు. నాలుగు దళాలకూ ఒకదానికొకటి పొసగని ఆదేశాలు వెళ్లాయి. జులై 11న సుమారు కిలోమీటరు దూరంలోని టెరైన్ అనే నివాస శిబిరం మీద దక్షిణ సుడాన్ సైనికులు దాడిచేసి, సహాయ సంస్థల సిబ్బంది మీద అత్యాచారాలకు ఒడిగట్టారు. సాయం కోసం కబురు మీద కబురు పంపినా, దళాలు పూర్తిగా వేరే పనుల్లో ఉన్నాయన్న జవాబే వచ్చింది. డచ్ విశ్రాంత మేజర్ జనరల్ పాట్రిక్ కామెర్ట్ విచారణ తర్వాత కెన్యాకు చెందిన ఫోర్స్ కమాండర్‌ను తొలగించారు. అందుకు నిరసనగా కెన్యా తన దళాలను ఉపసంహరించుకుంది. కమాండర్ మీద చర్య తీసుకుంటే ఆ దేశపు బెటాలియన్ మాయమవుతుంది. ఈ ఒక్క లంకె వల్లే జవాబుదారీతనం మీద సమితి ఎంత రాసినా అమలు అంతంతమాత్రంగా ఉంటోంది.

బయటి వారి దృష్టికి రాని ఇంకో పంపకం హెలికాప్టర్లది. సమితి మిషన్లలో సైనిక హెలికాప్టర్లను ఏ రోజు ఎక్కడికి పంపాలో తేల్చేది మిషన్ సహాయ విభాగంలోని పౌర అధికారులు. గాయపడిన జవానును తరలించాలన్నా, రిజర్వు కంపెనీని ఎగరేయాలన్నా ఫోర్స్ కమాండర్ వాళ్లను అడగాలి. దేశాల మధ్య ఎంత బాగా పంచుకున్నా, ఈ మెట్టు దగ్గర గంటలు కరిగిపోతాయి. అందుకే అనుభవం ఉన్న కమాండర్లు బాధ్యత తీసుకున్న తొలి వారంలోనే కొన్ని పనులు చేస్తారు. ప్రతి కంటింజెంట్ కమాండర్‌ను విడిగా కూర్చోబెట్టి, మీ దళం ఏం చేయలేదో చెప్పండని అడిగి రాయించుకుంటారు. ఒక రిజర్వు కంపెనీని, షరతులు అతి తక్కువగా ఉన్న దేశం నుంచి, తమ నేరు చేతికింద ఉంచుకుంటారు. దాన్ని వేరే సెక్టార్‌కు పగలూ రాత్రీ నిజంగా తరలించి చూస్తారు. తరలింపు ఎక్కడ ఆగితే అక్కడే అసలు హద్దు ఉన్నట్టు.

2006లో లెబనాన్‌లోని సమితి దళాన్ని 15,000 దాకా పెంచినప్పుడు ఐరోపా దేశాలు బోస్నాను మరిచిపోలేదు. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ పెద్ద దళాలు పంపుతూ, న్యూయార్క్‌లో తమ అధికారులతో ప్రత్యేక వ్యూహాత్మక సైనిక విభాగం కావాలని షరతు పెట్టి సాధించుకున్నాయి. ఒక ఇటాలియన్ జనరల్ దానికి అధిపతి అయ్యారు. తమ జవాన్లకు వెళ్లే ఆదేశాల్లో తమకూ మాట ఉండాలన్న కోరిక న్యాయమైనదే. కానీ దశాబ్దాలుగా అంతకు మించి సైన్యాన్ని పంపుతున్న భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లకు అలాంటి విభాగం ఎన్నడూ దక్కలేదు. సైన్యం పంపే దేశాలను సంప్రదించాలని 2001 జూన్‌లో భద్రతా మండలి 1353వ తీర్మానం చేసింది. మండలి సభ్యత్వం లేని దేశాన్ని, దాని బలగాలను వాడే ముందు నిర్ణయాల్లో భాగం చేయాలని సమితి చార్టర్ 44వ అధికరణం చెబుతోంది. భారత్ ప్రతి చర్చలోనూ దీన్నే ఎత్తిచూపుతుంది. సమితి ఆదేశం స్పష్టంగా లేదన్న కారణంతోనే 2003 జులైలో ఇరాక్‌కు డివిజన్ పంపాలన్న అమెరికా కోరికను న్యూఢిల్లీ తిరస్కరించింది. ఇప్పటికీ సంప్రదింపులు చాలాసార్లు నిర్ణయం ముసాయిదా తయారయ్యాక పెట్టే సమావేశాలుగానే మిగులుతున్నాయి. మిషన్ ఆదేశపత్రాన్ని ఏటా పొడిగించే ముందు, ముసాయిదా రాయకముందే, ఏ దళం ఏం చేయగలదు, ఏం చేయలేదు అన్న జాబితా మండలి బల్ల మీదికి రావాలి. ఆ జాబితా ఇవ్వగలిగింది జవాన్లను పంపే దేశాలే.